జిప్సమ్ బోర్డు అతుకులకు ఏ శాండర్ మంచిది?

ప్రశ్న: రెండు గదులకు జిప్సమ్ బోర్డు సీలింగ్ వేయించాము. అతుకుల మీది పుట్టీని నునుపు చేయడానికి ఇంట్లో ఉన్న బెల్ట్ శాండర్ సరిపోతుందా, వేరేది కొనాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: బెల్ట్ శాండర్‌ను దయచేసి సీలింగ్ మీద వాడకండి. చెక్కను అరగదీయడానికి తయారైన ఆ యంత్రం, చెక్క కంటే ఎంతో మెత్తనైన పుట్టీని క్షణంలో దాటిపోయి, కింద అతుకు మీద అంటించిన టేపునూ బోర్డు పైకాగితాన్నీ చీల్చేస్తుంది. కాగితం నూగు లేచిన చోట రంగు వేశాక కూడా గరుకు కనిపిస్తుంది.

మీకు తగినది పొడవాటి కాడ చివర 225 మి.మీ. గుండ్రటి పళ్లెం తిరిగే డ్రైవాల్ (అంటే జిప్సమ్ బోర్డు) శాండర్. దానికి వేగం తగ్గించే మీట, ఎటైనా వంగే తల, దుమ్ము లాగే గొట్టం ఉండాలి. చేతులెత్తి పనిచేయాలి కనుక, వాట్ల కంటే బరువునే ముందు చూడండి; దుకాణంలోనే ఒకసారి పైకెత్తి పట్టుకోండి. రెండు గదులకే అయితే అద్దెకు తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

పుట్టీ పూర్తిగా ఆరాక, 150 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, ఇంకా నునుపైన 220తో ముగించండి. యంత్రాన్ని నొక్కకుండా, ఒకేచోట నిలపకుండా జరుపుతూ ఉండండి. టార్చిని పక్కవాటుగా వేస్తే మిగిలిన గీతలు నీడలుగా బయటపడతాయి. మూలలను మాత్రం చేత్తోనే రుద్దాలి. ఎన్‌95 మాస్కు తప్పనిసరి. దుమ్ము గొట్టానికి ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్‌ను తగిలిస్తే, దాని ఫిల్టరు ఈ సన్నని పొడికి త్వరగా మూసుకుపోతుంది.