సొంత బండికి ఇంట్లోనే రిపేరు చేసుకుంటే తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రెండేళ్ల క్రితం 350 సీసీ బండి కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. ఫ్రీ సర్వీసులు షోరూంలోనే చేయించాను. మధ్యలో ఆయిల్ మార్చడం, చైన్ శుభ్రం చేసి లూబ్ కొట్టడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేసుకుంటాను. నిరుడు సైలెన్సర్ మార్చాను, ముందు రెండు ఎల్ఈడీ లైట్లు పెట్టాను, వెనక శారీ గార్డు తీసేశాను. మొన్న సైలెన్సర్ చూసి పోలీసులు చలానా రాశారు. ఇప్పుడు గేర్‌బాక్స్‌లో శబ్దం వస్తోంది. షోరూంకి వెళ్తే ‘బండి మీద బయట పని జరిగింది, వారంటీ వర్తించదు’ అన్నారు. ఇది చాలదన్నట్టు, సెల్లార్‌లో బండి విప్పితే కేసు పెడతామని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. మన బండి మనం బాగు చేసుకోవడం కూడా నేరమేనా?

జవాబు: కాదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. సొంత బండికి ఆయిల్ మార్చుకోకూడదని, పానా పట్టుకోవడానికి లైసెన్సు ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. కంపెనీ ఇచ్చిన బండిని కంపెనీ ఇచ్చినట్టే ఉంచుతూ చేసే పని ఏదైనా మీరు నిశ్చింతగా చేసుకోవచ్చు. మీ లేఖలో చిక్కంతా ఆయిల్ దగ్గర లేదు, సైలెన్సర్ దగ్గరా శారీ గార్డు దగ్గరా ఉంది. మీరేమో ఈ రెండు రకాల పనులనూ ఒకే గాటన కట్టి రాశారు.

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చారు. దాని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మూడు మార్పులుంటే లెక్క మూడుసార్లు మొదలవుతుంది.

సైలెన్సర్ విషయంలో దీనికి తోడు అదే చట్టంలోని 190(2) సెక్షన్ కూడా పడుతుంది. శబ్దం, పొగ, రోడ్డు భద్రత ప్రమాణాలు దాటిన బండి నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మీద మూడు నెలల వేటు కూడా ఉంది. ఉద్యోగానికి రోజూ మంగళగిరో విజయవాడో బండి మీద వెళ్లి వచ్చే కుర్రాడికి జరిమానా కంటే ఆ మూడు నెలలే ఎక్కువ బాధ. రెండోసారి దొరికితే జైలు ఆరు నెలల దాకా పోవచ్చు. చలానా కట్టేశాను కదా అని అదే సైలెన్సర్‌తో తిరగడం కుదరదు. చలానా అంటే జరిగిన తప్పుకు కట్టిన డబ్బు, ఇకముందు తిరగడానికి ఇచ్చిన పర్మిషన్ కాదు.

175 సీసీ దాటిన ద్విచక్ర వాహనం తయారీ దశలోనే 80 డెసిబెల్స్ దాటకూడదు. మరోవైపు నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఉండాల్సిన శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. బ్రాడీపేట అడ్డరోడ్లలో నర్సింగ్ హోములు ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఆపరేషన్ అయి పడుకున్న మనిషి కిటికీ కింద నుంచి ఆ బండి వెళ్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇంకో సంగతి, బీఎస్6 (ఇప్పటి పొగ ప్రమాణాలు) బళ్లలో చాలావాటికి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ సైలెన్సర్ భాగంలోనే ఉంటుంది. అది తీసేస్తే పొల్యూషన్ నిబంధన కూడా తప్పినట్టే. పాత సైలెన్సర్ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ ఆదివారమే బిగించండి.

లైట్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఎదుటివాళ్ల కళ్లలో కొట్టే స్పాట్ లైట్లు నిషేధం. తీసేయండి.

శారీ గార్డు దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. అందం కోసం ముందుగా పీకేసేది దాన్నే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దీని గురించే ఉంది. వెనక మనిషి కూర్చునే వీలున్న ప్రతి బండికీ పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా గార్డు ఉండాలి. నా దగ్గరకు ఒక కేసు వచ్చింది. కొడుకు గార్డు తీసేసిన బండి మీద తల్లి పెళ్లికి బయల్దేరింది. విజయవాడ బందరు రోడ్డు మీద సిగ్నల్ పడి బండి కదిలీ కదలగానే పట్టుచీర కొంగు చక్రంలోకి పోయింది. స్పీడు పదిహేను కూడా లేదు. భుజం విరిగింది. ఆ కుర్రాడు నా ఎదుట కూర్చుని, ఇన్సూరెన్స్ గురించి అడగడానికి వచ్చినవాడు, ఆ సంగతే మర్చిపోయి ‘నాలుగు బోల్టులండీ, నేనే తీశాను’ అని అదే మాట అన్నాడు. మీ ఇంట్లో చీర, చున్నీ వేసుకునేవాళ్లు ఉంటారు కదా. మిగతావి ఆదివారం దాకా ఆగినా, గార్డు మాత్రం ఈ రాత్రికే బిగించేయండి.

ఇక వారంటీ. ఇది నేరానికి సంబంధించింది కాదు, మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. కాబట్టి బండితో ఇచ్చిన బుక్‌లెట్‌లో వారంటీ షరతుల పేజీ తీసి చదవండి. షెడ్యూల్ ప్రకారం సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలోనే జరగాలని చాలా కంపెనీలు రాస్తాయి. ఫ్రీ సర్వీసులు అక్కడే చేయించారు కాబట్టి మీకు బలం ఉంది. ఆ తర్వాత డబ్బు కట్టి చేయించాల్సిన సర్వీసు ఏదైనా వదిలేసి ఉంటే మాత్రం అది వాళ్ల చేతికి దొరుకుతుంది. చైన్‌కి లూబ్ కొట్టడం, గాలి చూసుకోవడం లాంటివి సర్వీసు కిందకి రావు. అవి ఓనర్ చేసుకోవాలని మాన్యువల్‌లోనే ఉంటుంది.

‘బయట పని జరిగింది’ అన్న ఒక్క మాటతో అయిపోదు. మినహాయింపు చూపి తప్పించుకోవాలనుకున్నవాళ్లే అది ఈ లోపానికి ఎలా వర్తిస్తుందో చూపించాలి. బ్రేక్ ప్యాడ్ మారిస్తే గేర్‌బాక్స్ ఎలా పోతుంది? అయితే ఆయిల్ సంగతి వేరు. మీ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఒకే ఆయిల్ అయితే, తప్పు గ్రేడ్ పోశారనో తక్కువ పోశారనో వాళ్లు అనే వీలుంది. మీరు కొన్న ఆయిల్ బిల్లు, డబ్బా మీద గ్రేడ్ కనిపించే ఫొటో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసుకున్న కాగితం, ఏది ఉంటే అది వెతికి పట్టుకోండి. ఇకముందు డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ కొన్నా, ఆ ఇరవై రూపాయల బిల్లు కూడా పడేయకండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. వారంటీ ఎందుకు నిరాకరిస్తున్నారో, ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. నోటిమాటగా చెప్పి పంపేస్తే మీరే ఈమెయిల్ పెట్టి జవాబు అడగండి. గేర్‌బాక్స్ బయట విప్పించకండి. ఒకసారి విప్పితే సాక్ష్యం పోయినట్టే. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, మీరు ఉండేది గుంటూరు కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. షోరూం, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. లోపం తయారీలో ఉందా, వాడకంలో ఉందా అన్నది తేలకపోతే కమిషన్ ఆ భాగాన్ని ల్యాబ్ పరీక్షకు పంపగలదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత సైలెన్సర్ బిగించుకుని ‘నేనెప్పుడూ మార్చలేదు’ అని కమిషన్ ముందు చెప్పకండి. చలానా మీద ఆ మాట రాసే ఉంటుంది. ‘మార్చాను, తీసేశాను, దానికీ గేర్‌బాక్స్‌కీ సంబంధం లేదు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక అబద్ధం దొరికితే మీ దగ్గరున్న నిజమైన బిల్లులను కూడా ఎవరూ నమ్మరు.

ఇన్సూరెన్స్ మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీ బండి వల్ల దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ పాలసీ కింద సాధారణంగా కంపెనీయే పరిహారం ఇవ్వాలి. పేచీ వచ్చేది మీ బండి డ్యామేజీ క్లెయిమ్ దగ్గర. చెప్పకుండా చేసిన మార్పు సర్వేయర్ కంట పడితే క్లెయిమ్ తగ్గించడానికో తోసేయడానికో అదే కారణం చూపిస్తారు.

చివరగా అసోసియేషన్. మీ పార్కింగ్ గీతల లోపల, పగటిపూట, ఎవరి దారికీ అడ్డం లేకుండా చైన్ తుడుచుకుంటే పెట్టడానికి కేసేమీ లేదు. కానీ సెల్లార్ నేల అందరిదీ. దాని మీద ఆయిల్ మరక పడి ఎవరైనా జారితే బాధ్యత మీదే. బైలాస్‌లో దీని గురించి ఏం రాసుందో అడిగి తీసుకోండి. కింద ట్రేతో పాటు పాత అట్టపెట్టె పరిచి పని చేయండి. చైన్ కడగడానికి సెల్లార్‌లో పెట్రోలు సీసా తెరవడం మాత్రం మానేయండి. అది చైన్‌లోని రబ్బరు ఓ-రింగులకూ మంచిది కాదు, పక్కన మీటర్ బోర్డులు కూడా ఉంటాయి. తీసిన పాత ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది. దాన్ని డ్రైనేజీలో పోస్తే వాళ్ల ఫిర్యాదుకు మీరే బలం ఇచ్చినట్టు. డబ్బాలో పోసి మూత బిగించి, ఆటోనగర్‌లో పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఈ పని ఎలా చేస్తున్నారో అసోసియేషన్ సెక్రటరీని ఒకసారి కిందికి పిలిచి చూపించండి. నోటీసుకు జవాబు రాయడం కంటే అది త్వరగా తెములుతుంది.