చివర అంకె మారిస్తే పాస్‌వర్డ్ మారినట్టేనా?

ప్రశ్న: మా ఆఫీసు కంప్యూటర్ 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమంటుంది. మా పాప పేరు పెట్టి, పక్కన అంకె పెంచుకుంటూ 11 దాకా వచ్చాను. నా సొంత మెయిల్‌కీ ఇదే వాడుతున్నాను. ఇలా మార్చడం సరిపోతుందా? గడువు దగ్గరపడితే టెన్షన్‌గా ఉంటుంది.

జవాబు: సరిపోదండీ. పేరు పక్కన 10 ఉన్న పాస్‌వర్డ్ ఎక్కడైనా బయటపడితే, దొంగ ముందుగా కొట్టి చూసేది 11నే. తప్పు మీ ఒక్కరిదే అనను. లాకైన ఖాతాలు తెరిచి ఇచ్చే పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. గడువు పెట్టి తరిమితే దాదాపు అందరూ అంకే పెంచుతారు, లేదా కీబోర్డు కింద చీటీ పెడతారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఇలా గడువు పెట్టి మార్పించే పద్ధతి వద్దంది. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్పించమని చెప్పింది. మీ ఆఫీసు కంప్యూటర్ విభాగానికి ఈ మాట చెప్పి చూడండి.

ఈలోగా మార్చక తప్పదు కాబట్టి పొడుగ్గా పెట్టుకోండి. నిఘంటువు చూడకుండా తెరిచి, వేలు పడిన మాట రాసుకోండి. అలా ఐదుసార్లు చేయండి. గొడుగు, రంపం, నెమలి, నిచ్చెన, తాళం లాంటివి వస్తాయి (ఇవి అచ్చయిపోయాయి, వీటిని వాడకండి). వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా కొట్టండి. మాటలు మీరే తలచుకుని ఏరవద్దు, మనసు మళ్లీ పాప పేరు దగ్గరికే పోతుంది. సామెత, పాట పల్లవి కూడా వద్దు, అవి అందరికీ తెలిసినవే. గుర్తుండేదాకా కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఖాతాలు ఎక్కువైతే పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచిపెట్టే యాప్) వాడండి.

నన్ను నిజంగా భయపెట్టింది మీ మెయిల్ సంగతి. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే మిగతా ఖాతాల లింకులు చాలావరకు వచ్చేది అక్కడికే. మెయిల్ పోతే వాటి తాళాలన్నీ పోయినట్టే. అందుకని ఇవాళే దానికి వేరే ఐదు మాటలు పెట్టండి. మార్చాక, ఇతర పరికరాల్లో తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూసేయండి. రికవరీ ఫోన్ నంబరు (ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చింది) ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా అని చూడండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కొచ్చే కోడ్ లాంటి రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి. ఆఫీసు పాస్‌వర్డ్ రేపు పొద్దున మార్చుకోవచ్చు.