అయిదేళ్లు దాటితే బాబు తండ్రికేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్ల బాబుతో ఏడాదిగా మా ఇంట్లోనే ఉంటోంది. అల్లుడు తాగి వచ్చి పిల్లవాడి ఎదుటే ఆమెను కొట్టేవాడు. ఒకసారి అడ్డు వెళ్లిన బాబు చేతికి కూడా గట్టి దెబ్బ తగిలింది. పరువు పోతుందని పోలీసులకు చెప్పలేదు. ఇప్పుడు అతను బాబును అప్పగించాలని ఫ్యామిలీ కోర్టులో కేసు వేశాడు. అయిదేళ్లు దాటిన మగపిల్లవాడు తండ్రికే చెందుతాడని అందరూ అంటున్నారు. పోలీసు కేసు లేకుండా బాబుకు ముప్పుందని కోర్టు నమ్ముతుందా?
– ఒక అమ్మమ్మ, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ అయిదేళ్ల సంగతి చూద్దామమ్మా. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 6వ సెక్షన్ అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని చెబుతుందే గాని, నిండిన మర్నాడు తండ్రికి అప్పగించాలని ఎక్కడా చెప్పదు. ఆ సెక్షన్‌ను సగమే విని తీర్పులు చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం.

బిడ్డకు పొంచి ఉన్న ముప్పును కూడా న్యాయమూర్తి ఈ సంక్షేమంలో భాగంగానే చూస్తారు. క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. ఇరుపక్షాలు చెప్పినదానిలో ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందన్నదే ప్రశ్న. 2008లో ఒక కేసులో సుప్రీంకోర్టు, తల్లి మరణానికి సంబంధించి తండ్రిపై క్రిమినల్ కేసు నడుస్తున్న సంగతిని తగినంతగా పట్టించుకోకుండా కింది కోర్టులు కొడుకును అతనికి అప్పగించడం సరికాదని తేల్చి, బాబును అమ్మమ్మ తాతయ్యల దగ్గరే ఉంచింది. మీకు పోలీసు కేసు లేకపోవడం లోటే గాని, దానితోనే దారి మూసుకుపోదు.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ కింద, సాక్ష్య చట్టం ప్రకారం చెల్లుతుందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, వివాదం తేల్చడానికి పనికొచ్చే ఏ కాగితాన్నయినా కోర్టు తీసుకోవచ్చు. బాబు చేతికి కట్టు కట్టించిన రోజు ఆస్పత్రి చీటీ, మర్నాడు బడికి వెళ్లలేదని చూపే హాజరు, ఆ రాత్రి మీ అమ్మాయి మీకు పంపిన మెసేజీలు, కేకలు విన్న పొరుగింటివారి సాక్ష్యం తేదీల వారీగా ఒకదానికొకటి సరిపోతే, ‘నా భర్త దుర్మార్గుడు’ అని పది పేజీలు రాసినదానికన్నా బలంగా నిలుస్తాయి. చాలా ఇళ్లలో లాగే ఆ రోజు డాక్టరుకు ‘మెట్ల మీద జారిపడ్డాడు’ అని చెప్పి ఉంటే, ఎందుకలా చెప్పవలసి వచ్చిందో కౌంటర్‌లో, అంటే భర్త వేసిన కేసుకు కోర్టులో ఇచ్చే రాతపూర్వక జవాబులో, మీ అమ్మాయే ముందుగా రాయాలి. అవతలి న్యాయవాది దాన్ని బయటపెట్టేదాకా ఆగితే, మీరు చెప్పిన మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది.

న్యాయమూర్తి బాబును తన ఛాంబర్‌కు పిలిచి ఒంటరిగా మాట్లాడవచ్చు. దయచేసి ఏమీ నేర్పించి పంపకండి. ‘నాన్న మమ్మల్ని హింసించాడు’ అని ఆరేళ్లవాడు అప్పజెబితే ఆ మాట ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. ‘బండి చప్పుడు వినపడితే మంచం కిందికి దూరేవాణ్ణి’ అని వాడంతట వాడు చెప్పిన ఒక్క ముక్కకు ఉండే బరువు వేరు.

ముప్పు ఉందని నమ్మినా, తండ్రి బిడ్డను చూడటాన్ని కోర్టు పూర్తిగా ఆపకపోవచ్చు. కోర్టు ఆవరణలో, మరొకరి సమక్షంలో కలవమనవచ్చు. అది కూడా బాబుకు హాని చేస్తుందని మీకు గట్టిగా అనిపిస్తే, 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ ఇవ్వాలనీ, కలిసే అవకాశం నిరాకరించాలనీ కోరవచ్చు. 26వ సెక్షన్ ఉన్నందువల్ల దానికోసం వేరే కోర్టుకు వెళ్లనక్కరలేదు. ఇప్పుడు నడుస్తున్న కేసులోనే, కౌంటర్‌తో పాటు ఆ పిటిషన్ కూడా వేయమని మీ న్యాయవాదికి చెప్పండి.