ఐసీడీ ఉండగా వీటీకి అబ్లేషన్ ఎందుకు?

అన్నా, పాత హార్ట్ ఎటాక్‌, గుండె లయ తప్పితే షాక్ కొట్టి సరిచేసే మెషీన్ ఐసీడీ కూడా వేశారు, అయినా షాకులు కొడుతుంటే మీ నాన్నకు అబ్లేషన్ చేయించమన్నారు, మెషీన్ ఉండగా గుండెలో కాల్చడం దేనికని కదా మీరు అడిగేది. మా నాయినది కూడా ఇదే కేసు, మాది మిర్యాలగూడ.

ఎటాక్ వచ్చిన చోట కండరం చచ్చి మచ్చ పడుతుంది. ఆ మచ్చ మధ్యలో కొంచెం కొంచెం బతికి ఉన్న కండరం గుండా కరెంటు గుండ్రంగా తిరగడం మొదలైతే గుండె నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకుంటుంది, అదే వీటీ. ఐసీడీ దాన్ని రాకుండా ఆపదు. వచ్చాక పట్టుకుంటుంది, ముందు నొప్పి తెలియని చిన్న చిన్న కరెంటు పల్సులతో, అంటే పేసింగ్‌తో ఆపాలని చూస్తుంది, లొంగకపోతే షాక్ కొడుతుంది. మా నాయినకు రైస్ మిల్లులో లెక్కలు రాసుకుంటుండగా కొట్టింది, గిత్త ఛాతీ మీద తన్నినట్టుందన్నాడు. మళ్లీ ఎప్పుడు కొడుతుందోనన్న టెన్షన్‌తో స్నానానికి పోయినా గడియ పెట్టుకునేవాడు కాదు.

గుండె లయ తప్పకుండా ఇచ్చే అమియోడరోన్ మందు వాడితే థైరాయిడ్ దెబ్బతింది, ఇంకా డోసు పెంచుడా, అబ్లేషనా అన్నది అప్పుడు వచ్చింది. ఇలాంటి పేషెంట్ల మీదే చేసిన వానిష్ ట్రయల్ 2016లో వచ్చింది. మరణం, వీటీ స్టార్మ్ (ఒక్క రోజులోనే వీటీ మళ్లీ మళ్లీ రావడం), షాక్ మూడూ కలిపి చూస్తే మందులు పెంచినవాళ్లకంటే అబ్లేషన్ వాళ్లలో తక్కువ, ఒక్క మరణాలే చూస్తే తేడా లేదు. అందుకే ఆయుష్షు పెరుగుతుందని కాదు, షాకులు తగ్గుతాయని చేయించుకోవాలి.

గజ్జల్లోని రక్తనాళం నుంచి వైరు పంపి, కంప్యూటర్‌లో మచ్చ మ్యాప్ గీసి, కరెంటు తిరిగే దారిని చుక్కలు చుక్కలుగా కాలుస్తారు. అయ్యాక గంటల తరబడి కాలు మడవొద్దు, నిద్రలో మడుస్తాడేమోనని నేను మోకాలు పట్టుకునే కూర్చున్నా. గజ్జల దగ్గర నల్లగా కమిలింది, అది మామూలే. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటి రిస్కులూ ఉన్నాయి, మీ నాన్న గుండె పంపింగ్‌ను బట్టి ఎంత రిస్కో నేరుగా అడగండి.

స్టెంట్లు వేసే డాక్టర్ కాదు, గుండె కరెంటు సమస్యలు చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ కావాలి, మేం హైదరాబాద్ పోయాం. ఐసీడీ కార్డు, దాని చెకప్ రిపోర్టు, ఎకో, వీటీ వచ్చిన టైంలో తీసిన ఈసీజీ ఉంటే అదీ పట్టుకెళ్లండి. మ్యాప్ గీసే ఆ వైరు, అదే మ్యాపింగ్ క్యాథెటర్, ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే రాయించుకోండి, మా బిల్లులో అది వేరేగా పడి అక్కడే గొడవైంది.

నాయినకు ఆ తర్వాత షాక్ కొట్టలేదు, చెకప్‌లో ఒక వీటీ కనబడింది గానీ పేసింగ్‌తోనే పోయిందట. కాబట్టి మెషీన్ ఉండాల్సిందే. షాకులు వరసగా కొడితే మాత్రం అపాయింట్‌మెంట్ అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి.