గ్యాస్ బండ మీద ‘బి-27’ అని ఉంటుంది, అంటే ఏమిటి?

అది గ్యాస్ ఎక్స్‌పైరీ కాదు, బండకు మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు. వాల్వు చుట్టూ పై రింగును మోసే ఇనుప పట్టీల్లో ఒకదానికి లోపలివైపు రాసి ఉంటుంది. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబరు, డి అక్టోబరు–డిసెంబరు. కాబట్టి బి-27 అంటే 2027 జూన్ వరకు.

ఆ గడువులోగా బండలో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ఉబ్బిందా, కారుతోందా అని చూస్తారు. తట్టుకున్నదానికి కొత్త తేదీ వేస్తారు. గడువు దాటగానే పేలుతుందన్నది ఉత్త భయమే. అయినా అలాంటి బండ తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపండి. పట్టీ మీదే ఖాళీ బండ బరువూ ఉంటుంది; దానికి 14.2 కిలోలు కలిపితే తూకం సరిపోవాలి.

అసలు చూసుకోవాల్సింది వాల్వు లోపలి నల్ల రబ్బరు రింగు. అది చిట్లినా, ఊడినా రెగ్యులేటరు ఎంత గట్టిగా కూర్చోబెట్టినా గ్యాస్ వాసన ఆగదు. డెలివరీ మనిషి ఉండగానే రెగ్యులేటరు పెట్టించి, నాబ్ తిప్పి, అది వాల్వుకు కలిసే చోట సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే రింగు మార్పించండి. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు! లీకు ఆగకపోతే 1906కు ఫోన్ చేయండి.