నోటరీ కాగితం మీద టిడ్కో ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: విశాఖ వన్‌టౌన్‌లో అద్దెకుంటున్నాం. నేను ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలానికి పాడుకుని వీధుల్లో అమ్ముతాను. మా ఆయన హమాలీ. ఇద్దరికీ కలిపి నెలకు 28 వేలొస్తాయి, అద్దె 5,500. మధురవాడ వైపు టిడ్కో ఇల్లు, అంటే ప్రభుత్వం పేదలకు కట్టిచ్చిన ఫ్లాటు, 5 లక్షలకు ఇస్తామంటున్నారు. నోటరీ రాసిస్తారట. మా దగ్గర 3 లక్షలున్నాయి. మిగతా 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెద్దామా? - ఓ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అంత చవగ్గా ఎందుకు అమ్ముతున్నారో వాళ్లనే అడిగి చూడండి. పని ఒకచోట, ఇల్లు ఇంకోచోట కావడమే చాలామంది చెప్పే కారణం. పేదలకిచ్చే ఇళ్లు ఊరి చివర కడితే జరిగేది ఇదే. వాళ్లకు పనికిరాని దూరం మీకు మాత్రం ఎలా పనికొస్తుంది? వన్‌టౌన్ నుంచి మధురవాడ పదిహేను కిలోమీటర్లకు తక్కువ కాదు. చీకటితో మొదలయ్యే వేలానికి అక్కడి నుంచి బస్సు దొరకదు. చేపల గంపతో తిరుగు ప్రయాణం మరో తలనొప్పి. ఇద్దరికీ రోజుకు 200 అనుకున్నా నెలకు 25 రోజులకు 5,000. మిగిలిందనుకున్న అద్దె ఆటోలకే సరి. పైగా 2 లక్షలకు నెలకు 6,000 వడ్డీ. అసలు ఎక్కడిదక్కడే.

ఇక కాగితం సంగతి. 100 రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ చేసేది సంతకాన్ని ధ్రువీకరించడమే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్నా హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. మీరు 5 లక్షలు పోసినా రికార్డుల్లో యజమాని లబ్ధిదారే. అది ఎన్ని అడుగుల ఇల్లో కూడా మీరు రాయలేదు. టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి. పెద్ద రెండు రకాలకూ లబ్ధిదారు పేరున బ్యాంకు రుణం ఉంటుంది. ఆయన కట్టడం మానేస్తే బ్యాంకువాళ్లు వచ్చేది మీరున్న ఇంటికే.

ముందు వార్డు సచివాలయంలో మీ పేరు మీదే ఇంటికి దరఖాస్తు పెట్టండి. ఎప్పుడొస్తుందో నేను మాటివ్వలేను. కేంద్రం ఇళ్ల పథకం పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) 2.0లో గృహరుణంపై వడ్డీ రాయితీ కూడా ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయముండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికి, 35 లక్షల లోపు ఇంటి మీద 25 లక్షల వరకు తీసుకున్న రుణంలో మొదటి 8 లక్షలకు 4 శాతం రాయితీ. మొత్తం 1.80 లక్షలు మించదు, 5 విడతల్లో వస్తుంది. 8 లక్షలు 9 శాతానికి 12 ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 9,100. మీ ఆదాయానికి కొంచెం బరువే, మోయలేనిది కాదు. కానీ ఆ డబ్బుకు మీ 3 లక్షలు కలిపినా వన్‌టౌన్ దగ్గర్లో ఇల్లు దొరకడం కష్టం, తొందరపడకండి.

జీతం చీటీ లేదు కాబట్టి బ్యాంకు అడిగేది ఖాతానే. ఇవాళ్టి నుంచి చేపల డబ్బు చేతిలో ఉంచుకోకుండా రోజూ ఖాతాలో వేయండి, ఫోన్‌పే కూడా మీ పేరునే పెట్టుకోండి. ఏడాది లావాదేవీలు కనిపిస్తే రుణం మాట ఎత్తొచ్చు. ఆ 3 లక్షల్లో 50 వేలు ఆసుపత్రి అవసరాలకు పక్కన పెట్టి, మిగతాది పోస్టాఫీసులో ఏడాది డిపాజిట్ చేయండి. ఈలోపు ఆ టిడ్కో ఇంటికి బయానా మాత్రం ఇవ్వకండి.