మీ ప్రశ్నలకు జవాబులు: నిఘా విభాగం నుంచి ఐక్యరాజ్యసమితికి

ప్రశ్న: ఇజ్రాయెల్ సైనిక నిఘా అధిపతిగా చేసిన హైమ్ హెర్జోగ్‌ను ఐక్యరాజ్యసమితికి రాయబారిగా ఎలా పంపారు? సైన్యం నుంచి నేరుగా వెళ్ళారా? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: నేరుగా కాదు. మధ్యలో పదమూడేళ్ళు గడిచాయి, అసలు సంగతి అక్కడే ఉంది. హెర్జోగ్ 1918లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు, లండన్‌లో న్యాయశాస్త్రం చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో నిఘా అధికారి. కొత్తగా ఏర్పడిన ఇజ్రాయెల్‌లో 1950 వరకు సైనిక నిఘా విభాగాన్ని నడిపి, తర్వాత 1954 వరకు వాషింగ్టన్‌లో మిలిటరీ అటాషేగా (రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధిగా) ఉన్నారు.

1959లో రెండోసారి అదే కుర్చీలోకి పిలిచారు. దానికి కారణం ఆ ఏడాది ఏప్రిల్ 1న జరిగిన ఒక పొరపాటు. రిజర్వు సైనికులను సమీకరించే కసరత్తు కోసం రేడియోలో సంకేత పదాలు చదివించారు. అది కసరత్తేనని ముందుగా చెప్పకపోవడంతో దేశమంతా యుద్ధమొచ్చిందనుకుంది, ఇరుగుపొరుగు దేశాలూ ఉలిక్కిపడ్డాయి. అప్పటి నిఘా అధిపతి హర్కాబీ పదవి పోయింది. అయితే హెర్జోగ్ హయాం కూడా మచ్చలేనిది కాదు. 1960 ఫిబ్రవరిలో ఈజిప్టు ట్యాంకులు ఇజ్రాయెల్ సరిహద్దునున్న సినాయ్ ద్వీపకల్పంలోకి వచ్చేస్తే ఆయన విభాగం ఆలస్యంగా పసిగట్టింది.

1962లో మేజర్ జనరల్‌గా రిటైరయ్యారు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం రోజుల్లో రేడియోలో ఆయన చేసిన విశ్లేషణలతో ఇంటింటా పరిచయమయ్యారు. యుద్ధం ముగియగానే ఆక్రమిత వెస్ట్ బ్యాంక్‌కు తొలి సైనిక గవర్నర్. 1972లో భాగస్వాములతో న్యాయసంస్థ పెట్టారు. నిఘా అధిపతి నివేదిక చదివేది కొద్దిమందే. రాయబారి మాట్లాడేది ప్రపంచమంతా వింటుంది. ఆ రెంటికీ మధ్య వంతెన వేసింది రేడియో, వకాలతు అని మా అభిప్రాయం. 1975లో ఆయన న్యూయార్క్ వెళ్ళారు.

ప్రశ్న: మిలిటరీ అటాషే దౌత్యవేత్తా, గూఢచారా? (పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: హోదా దౌత్యవేత్తదే. ఆతిథ్య దేశపు పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని స్వదేశానికి నివేదించడం దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం ఒప్పుకున్న పనే. చట్టబద్ధం అన్న గీత దాటితే బహిష్కరణే. అదే ఒప్పందం ప్రకారం అటాషేల పేర్లను ముందుగా పంపి ఆమోదం తీసుకోవాలని ఆతిథ్య దేశం అడగవచ్చు. రాయబారికైతే ముందస్తు అంగీకారం తప్పనిసరి, కాదన్నా కారణం చెప్పనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి ప్రతినిధికి ఈ గడప లేదు. నియామక పత్రాలను సెక్రటరీ జనరల్‌కు అందిస్తే చాలు. నిఘా నేపథ్యం ఉన్నవారికి ఇది పెద్ద వెసులుబాటు.

ప్రశ్న: ఆయన సభలో తీర్మానాన్ని చింపేశారట. దానివల్ల ఏం జరిగింది? మన దేశం ఎటు ఓటేసింది? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: చట్టపరంగా ఏమీ జరగలేదు. జియోనిజం (యూదులకు సొంత దేశం ఉండాలన్న ఉద్యమం) జాతి వివక్షలో ఒక రూపమన్న 3379వ తీర్మానం 1975 నవంబర్ 10న 72-35 ఓట్లతో నెగ్గింది, 32 దేశాలు తటస్థం. 1938లో జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రాత్రికి సరిగ్గా 37 ఏళ్ళని గుర్తుచేసి, హెర్జోగ్ వేదిక మీదే తన చేతిలోని ప్రతిని చింపేశారు. కానీ ప్రతి చిరిగితే రికార్డు చిరగదు. నెగ్గిన తీర్మానం పోవాలంటే మరో తీర్మానం నెగ్గాలి. 1991 డిసెంబర్ 16న 111-25 ఓట్లతో అది రద్దయింది. అప్పటికి హెర్జోగ్ ఇజ్రాయెల్ అధ్యక్షుడు (1983-93). భారత్ 1975లో తీర్మానానికి అనుకూలంగా, 1991లో రద్దుకు అనుకూలంగా ఓటేసింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది.

ఆయన పనితనం తెలియాలంటే ఈ చింపడం కంటే 1976 జూలైలో ఎంటెబి దాడిపై జరిగిన భద్రతామండలి చర్చ చూడాలి. హైజాకర్లు ఉగాండాలోని ఎంటెబి విమానాశ్రయంలో ఉంచిన బందీలను ఇజ్రాయెల్ కమాండోలు దాడి చేసి విడిపించారు. ఉగాండా సార్వభౌమత్వాన్ని ఉల్లంఘించారని ఆఫ్రికా దేశాలు తప్పుపట్టాయి. బందీలైన తన పౌరుల ప్రాణాలు కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని హెర్జోగ్ అంతర్జాతీయ న్యాయశాస్త్రం ఉటంకిస్తూ వాదించారు. ఇజ్రాయెల్‌ను ఖండించే ముసాయిదా ఓటింగుకే రాలేదు. హైజాకింగ్‌ను ఖండించిన అమెరికా, బ్రిటన్ల ముసాయిదాకూ కావలసిన 9 ఓట్లకు 6 మాత్రమే పడ్డాయి.

ప్రశ్న: ఇదే దారిలో ఇంకెవరైనా? (పాఠకుడు, అనంతపురం)

జవాబు: అహరోన్ యారివ్. 1964 నుంచి 1972 దాకా ఇజ్రాయెల్ సైనిక నిఘా అధిపతి. 1973 యుద్ధం ఆగగానే కైరో-సూయజ్ రోడ్డు మీద 101వ కిలోమీటరు రాయి దగ్గర గుడారంలో ఈజిప్టు జనరల్ గమసీతో చర్చలకు కూర్చున్నారు. నవంబర్ 11న ఆరు అంశాల ఒప్పందంపై అక్కడే సంతకాలయ్యాయి.